పాలపండ్లే కదా అనుకుంటాం

సంక్రాంతి పోయిన వారానికి ఖానాపూర్ దిక్కు ఒక పల్లె నుంచి బాపమ్మ, తల్లి కలిసి ఏడేళ్ల పాపను నా పండ్ల ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఎడమ బుగ్గ బూరెలా పొంగి ఉంది. రాత్రంతా పాపకు నిద్ర లేదు, తల్లికీ లేదు. తల్లి కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో ఆహార భద్రత కార్డు, అందరి ఆధార్లు, ఆరోగ్యశ్రీ కాగితం, దుబాయ్‌లో ఉన్న భర్త కడుతున్న ఒక ప్రైవేటు బీమా పాలసీ. అన్నీ నా బల్ల మీద వరుసగా పరిచి, "సార్, వీట్ల ఏది పనిచేస్తది?" అని అడిగింది.

తప్పంతా తనదే అన్నట్టు బాపమ్మ చెప్పుకొచ్చింది. "పండుగకు సకినాలు చేసినం. అందరు కటకట కొరుక్కుంటుంటే ఇది చాయ్‌ల ముంచి, మెత్తగైనంక కుడిదిక్కు పెట్టుకొని తిన్నది. ముద్దుగనిపించి ఊకున్న సార్. నొప్పికి అట్ల తింటున్నదని నాకేం ఎరుక?"

పాప మా ముగ్గురినీ చూడడం లేదు. దాని చూపంతా పక్కనున్న ట్రే మీద ఉంది. అందులో ఒక చిన్న అద్దం, కాస్త దూది తప్ప ఏమీ లేవు.

ఏ కార్డు పనిచేస్తుందన్న ప్రశ్న నేను తరచూ వింటాను. అడిగేవాళ్ల మీద నాకు గౌరవమే. బిడ్డకు ఏమన్నా అయితే ఎట్లా అని ముందే కాగితాలు సిద్ధం చేసుకున్న తల్లిదండ్రులు వాళ్లు. ఎడారి ఎండలో సంపాదించిన డబ్బులోంచి ప్రీమియం కట్టిన తండ్రి ప్రేమను ఎవరు తక్కువ చేయగలరు? అయినా ఆ కార్డు ఎక్కడిదాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది మనం ముందే తెలుసుకుని ఉండాలి.

ఉన్నమాట చెప్పుకుందాం. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైంది, పెద్ద జబ్బు వచ్చిన పేద ఇల్లు అప్పులపాలు కాకూడదని. మొదట్లో ఒక బీమా కంపెనీతో కలిసే ప్రభుత్వం దాన్ని నడిపింది. 2023 డిసెంబర్‌లో మన తెలంగాణ రాష్ట్రం దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ కావాలన్నా, ప్రమాదంలో దవడ ఎముక విరిగినా ఇలాంటి పథకాలు అండగా ఉంటాయి. కానీ పుచ్చిన పన్ను నింపడం, రూట్ కెనాల్ చేయడం అలా కాదు. 2021లో మన రాష్ట్రం చేరిన ఆయుష్మాన్ భారత్‌లో ఇవి మినహాయింపుల జాబితాలోనే కనిపిస్తాయి. బయట కొనే మామూలు పాలసీలదీ దాదాపు అదే దారి. దెబ్బ తగిలో, జబ్బు ముదిరో ఆసుపత్రిలో చేరితే ఇస్తారు, కుర్చీలో కూర్చోబెట్టి చేసే పంటి వైద్యానికి ఇవ్వరు. ఓపీ ఖర్చులు కలిపిన పాలసీలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏడాదికి ఇంత అని హద్దు ఉంటుంది, కొన్ని నెలలు ఆగాలన్న షరతూ ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి కొత్తగా కొనేవాళ్లకు కొంత వెసులుబాటు వచ్చింది. కొనేముందు ఏజెంటును ఒక్క మాట అడగండి: "పిల్లల పండ్లకు ఇందులో ఏముంది?" జవాబును నోటిమాటగా వినొద్దు, పాలసీ కాగితంలో చూపించమనండి.

బీమావాళ్లు ఎందుకు ఇవ్వరో కూడా తెలిస్తే మనకు కోపం కొంత తగ్గుతుంది. బీమా నడిచేది అరుదుగా వచ్చే పెద్ద ఖర్చు మీద. వందమంది కడితే ఒకరిద్దరికి అవసరం పడుతుంది, ఆ వందమంది డబ్బు వాళ్లను ఆదుకుంటుంది. పండ్లు అందరికీ ఉన్నాయి, పుచ్చు చాలామంది పిల్లలకు వస్తుంది, ఖర్చు చూస్తే చిన్నది. కాబట్టి లెక్క కుదరదంటారు. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే. పిల్ల పంటికి మాత్రం ఆ లెక్క సరిపోదు. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు ఎవరూ రాక, బుగ్గ వాచి జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరాకే తలుపు తెరుచుకునే ఏర్పాటు అది.

దీన్ని మార్చవచ్చా? మార్చవచ్చు, వేరే చోట కొంత మార్చారు. నిర్మల్ నుంచి పిల్లలు అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు మన వీధుల్లోనూ ఉన్నాయి. అక్కడి మనవరాలికి ఆర్నెల్లకోసారి పండ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంటుందని ఇక్కడి అమ్మమ్మలు ఆశ్చర్యంగా చెబుతారు. 2010లో ఆ దేశం చేసిన ఆరోగ్య చట్టం పిల్లల పంటి వైద్యాన్ని తప్పనిసరి సేవల్లో ఒకటిగా లెక్కించింది. 2013 అక్టోబర్‌లో తెరిచిన ఆరోగ్య బీమా ఎక్స్చేంజీలు, అంటే పాలసీలన్నీ ఒకేచోట పోల్చి కొనుక్కునే ప్రభుత్వ అంగళ్లు, పిల్లల దంత బీమాను కూడా అమ్మకానికి పెట్టాలి. అక్కడి దంత బీమాల్లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. పరీక్షకూ శుభ్రం చేయడానికీ చాలా పాలసీలు పూర్తి ఖర్చు ఇస్తాయి, పుచ్చు నింపడానికి కొంత తగ్గించి ఇస్తాయి, పెద్ద పనులకు ఇంకా తగ్గిస్తాయి. ముందుగా వచ్చేవాడికే ఎక్కువ ఇస్తాయన్నమాట. అయితే అక్కడా ఒక లోటు ఉంది. అమ్మాలని చట్టం చెప్పింది గానీ, చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులు కొనితీరాలని చెప్పలేదు. కొన్నవాళ్లందరూ పిల్లను తీసుకెళ్తారన్న నమ్మకమూ లేదు.

మన దగ్గర ఇప్పుడు రెండు తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒకటి నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్చేంజ్. ఆసుపత్రి నుంచి బీమా కంపెనీకి బిల్లులు, చికిత్స వివరాలు అందరికీ ఒకే పద్ధతిలో వెళ్లే దారి. రెండోది బీమా సుగమ్, పాలసీలన్నీ ఒకేచోట చూసి కొనుక్కునే అంగడి. దాని నిబంధనలు 2024లో వచ్చాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్‌లోనే ఉంది. బీమా కంపెనీలూ ఈ ఎక్స్చేంజీలూ కలిసి పిల్లల పంటి వైద్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే చాలా మారుతుంది. ఏ పన్ను, ఏ వయసులో, ఎందుకు పాడైంది, నింపిన పన్ను ఏడాది తర్వాత నిలిచిందా అన్నది నమోదవుతుంది. మంచిగా చేసే వైద్యుడెవరో, తొందరపడి పీకేసేదెవరో తెలుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లెక్క దేన్ని కొలిస్తే పని దానివైపే ఒరుగుతుంది. పీకిన పన్నుకు ఇంత అని డబ్బిస్తే పీకడం పెరుగుతుంది, నింపినదానికి ఇంత అంటే అవసరం లేనివీ నింపుతారు. నా మటుకు పిల్లల పంటి వైద్యం మంచిదా కాదా అన్నదానికి గుర్తు ఒక్కటే. ఆ పిల్ల రెండోసారి ఏడవకుండా లోపలికి వస్తుందా? దాన్ని ఏ బిల్లూ రాసుకోదు, మనమే చూసుకోవాలి.

మళ్లీ ఆ పాప దగ్గరకు వస్తాను. నోరు తెరవమంటే తెరవలేదు. తల్లి విసుక్కోబోయింది, కాసేపు ఊరుకోమన్నాను. మా దగ్గర పొనికి కర్రతో చేసిన ఒక చిలక ఉంటుంది, మన నిర్మల్ బొమ్మే, చేతిలో పెడితే బరువే తెలియదు. అది ఇచ్చి, దాని ముక్కులోకి అద్దం పెట్టి చూశాను. తర్వాత ఆ అద్దం పాప చేతికిచ్చి చూడమన్నాను. ఆ తర్వాత ఆ అద్దంతోనే పాప నా నోట్లో చూసింది. పిల్లల దంతవైద్యంలో ఇది పాత పద్ధతే, ముందు చెప్పాలి, తర్వాత చూపించాలి, ఆ తర్వాతే చేయాలి. పది నిమిషాలు పట్టింది. అప్పుడు నోరు తెరిచింది. ఎడమవైపు కింది దవడలో పాలపన్ను ఒకటి లోపలంతా కరిగిపోయి గుల్లయింది, చిగురు దగ్గర చీము పట్టింది.

"ఎన్ని రోజుల సంది నొస్తున్నది బిడ్డా?" అని అడిగాను. జవాబు లేదు. తల్లి బడిసంచిలో నీళ్ల సీసా కోసం వెతుకుతుంటే తెలుగు వాచకం అట్టకింద మడతలు మడతలుగా ఉన్న ఒక కాగితం బయటపడింది. దసరా ముందు బడికి వచ్చిన వైద్య బృందం రాసిచ్చిన చీటీ అది. పంటి సమస్య ఉంది, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అని రాసి ఉంది. మూడు నెలలకు పైగా ఆ పాప దాన్ని దాచింది.

తల్లి ముఖం పాలిపోయింది. "ఎందుకు దాసినవే?" అంది. పాప చాలాసేపటికి, చిలక తోక నిమురుతూ, మెల్లగా చెప్పింది. "నువ్వే గద అమ్మా... అన్నం తినకపోతే పండ్ల డాక్టర్ తానికి తోల్కపోయి సూదేపిస్త, పండ్లన్ని పీకిపిస్త అన్నవు."

ఇలా అనని ఇల్లు మనలో ఎన్ని ఉంటాయి? అన్నం ముద్ద లోపలికి పోవాలన్న ఆత్రంతో అన్న మాటే అది. కానీ పిల్ల మనసులో అది శిక్షగా నాటుకుంది. ఆ తర్వాత పన్ను నొచ్చిన ప్రతిసారీ, నొప్పి చెబితే శిక్ష పడుతుందని లెక్కవేసుకుంది. ఏడేళ్ల బిడ్డ నొప్పి ఒక్కతే మోస్తూ, ఏ వైపు నమలాలో, చల్లనీళ్లు ఎలా మింగాలో, నవ్వినప్పుడు పెదవి ఎంతవరకు తెరవాలో తనకు తానే నేర్చుకుంది. బడిలో "పుచ్చుపండ్లది" అని ఎవరైనా అంటే మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకోవడమూ నేర్చుకుంటారు ఇలాంటి పిల్లలు. రాత్రి నిద్ర చాలదు, పొద్దున చికాకు, చదువు మీద ధ్యాస ఉండదు. మనం మొండితనం అనుకుంటాం, కొన్నిసార్లు అది పన్ను నొప్పే.

ఆ వైద్య బృందం గురించి మనలో చాలామందికి తెలియదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని కేంద్రం 2013లో మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు, 30 రకాల సమస్యలకు పరీక్ష చేస్తారు, అందులో పంటి జబ్బులూ ఉన్నాయి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి బృందం రావాలి. ఏ కార్డూ అక్కర్లేదు, ఏ ప్రీమియమూ లేదు. మనం కట్టకుండానే పిల్లకు ఉన్న బీమా అది. అది మన చేతికి వచ్చేది ఆ చీటీ రూపంలో, మోసుకొచ్చేది ఏడేళ్ల పిల్ల. కాబట్టి బడికి డాక్టర్లు వచ్చారని వింటే అదే సాయంత్రం టీచరమ్మను అడగాలి.

పాలపండ్ల గురించి నాకు రోజూ ఎదురయ్యే మాట, "ఊడిపోయేటియే గద సార్". నిజమే, ఊడతాయి. అయితే ముందు పండ్లు ఆరేడేళ్లకు ఊడితే, నమిలే పాలపండ్లు పదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఏడేళ్లకే ఒకటి పోతే ఇంకా మూడు నాలుగేళ్లు ఆ పిల్ల దేంతో నమలాలి? పక్క పండ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, కిందనుంచి రావాల్సిన పన్నుకు చోటు చాలదు. ఇంకో సంగతి ఉంది, చదువుకున్న తల్లిదండ్రులు కూడా ఇక్కడ పొరబడతారు. ఆరేళ్లకు అటూఇటూ, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది, పైన రెండు, కింద రెండు. అవి పాలపండ్లు కావు. అరవై ఏళ్లకు జొన్నరొట్టె నమలాల్సింది వాటితోనే. సందడి లేకుండా వస్తాయి కాబట్టి పాలపన్నే అనుకుని వదిలేస్తాం, మళ్లీ రావు. వాటి మీది సన్నని గాడుల్లో పుచ్చు మొదలుకాకముందే మందు పూసి మూసేయవచ్చు. నొప్పి ఉండదు, సూది ఉండదు.

తీపి గురించి మిమ్మల్ని కోప్పడే ఉద్దేశం నాకు లేదు. రెండేళ్లకోసారి బాపు దుబాయ్ నుంచి వస్తే పెట్టె నిండా చాక్లెట్లు తెస్తాడు. పక్కన లేని రోజులన్నిటికీ బదులుగా తెచ్చేవి అవి, వద్దని ఎవరు చెప్పగలరు? రోజుకు వెయ్యి బీడీలు చుట్టాల్సిన తల్లి ఒడిలోకి పిల్ల వచ్చి తంబాకు చాటను లాగుతుంటే, చేతిలో ఒక బిస్కెట్ పెట్టి పక్కన కూర్చోబెడుతుంది. ఆ బిస్కెట్ వెనక ఆ రోజు కూలి ఉంది. నేను చెప్పేది ఒక్కటే. పంటికి చెరుపు చేసేది ఎంత తిన్నాం అన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నాం అన్నది. తిన్న ప్రతిసారీ నోట్లో పులుపు ఊరుతుంది, పన్ను తేరుకోవడానికి కొంతసేపు కావాలి. అర్ధగంటకో బిస్కెట్ ముక్క చప్పరిస్తుంటే ఆ కాస్త సమయమూ దొరకదు. రెండు చాక్లెట్లు మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఇచ్చేయండి, తర్వాత నీళ్లు తాగించండి. మధ్యలో ఆకలైతే పల్లీలు, గుగ్గిళ్లు, జామకాయ ముక్క ఇవ్వండి, మరీ చిన్నవాళ్లకైతే గొంతుకు అడ్డం పడకుండా మెత్తగా చేసి పెట్టండి. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం మాత్రం మానేద్దాం. మూడేళ్లలోపు పిల్లల ముందు పండ్లు నల్లబడి విరిగి రావడానికి నేను ఎక్కువగా చూసే కారణం అదే.

తోమడం పిల్లల చేతికి వదిలేస్తున్నాం. ఏడెనిమిదేళ్ల వరకు వాళ్ల చేతికి ఆ నేర్పు రాదు, మనమే తోమాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత పేస్టు, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు, ఫ్లోరైడ్ ఉన్నదే వాడండి. రాత్రి పడుకునేముందు తోమడం పొద్దున తోమడం కంటే ముఖ్యం. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి పండ్ల డాక్టరుకు చూపించండి, ఏ నొప్పీ లేనప్పుడే. నొప్పి లేనప్పుడు వచ్చిన పిల్లకు ఈ గది అంటే చిలక బొమ్మ గుర్తుంటుంది, నొప్పితో మొదటిసారి వచ్చిన పిల్లకు నొప్పే గుర్తుంటుంది. "ఏం కాదు, అస్సలు నొప్పే ఉండదు" అని అబద్ధం కూడా చెప్పొద్దు. "కొంచెం నొస్తే చెయ్యి లేపు, డాక్టర్ ఆగుతడు" అని చెప్పండి. నేను ఆగుతాను కూడా.

ఖర్చు సంగతి. కార్డు రాని చోట మనమే చిన్న బీమా చేసుకోవచ్చు. నెలకు 100 రూపాయలు ఒక డబ్బాలో వేస్తే ఏడాదికి 1200 అవుతాయి. మన ఊళ్లలో రెండుసార్లు చూపించుకుని, ఒక చిన్న పుచ్చు నింపించడానికి చాలావరకు అది సరిపోతుంది. చేసిన వైద్యానికి చీటీ, ఎక్స్‌రే అడిగి తీసుకోండి, పిల్ల పేరున ఆభా నంబర్, అంటే ఆరోగ్య రికార్డులు దాచుకునే డిజిటల్ ఖాతా, తీసి అందులో పెట్టించండి. రేపు బీమావాళ్లు పిల్లల పండ్లను లెక్కలోకి తీసుకున్న రోజున మీ బిడ్డ పంటి చరిత్ర మీ దగ్గర ఉంటుంది. గ్రామసభలో, బడి తల్లిదండ్రుల సమావేశంలో, పాలసీ అమ్మడానికి వచ్చిన ఏజెంటు ముందు, పిల్లల పండ్ల మాట ఎత్తండి. అడిగేవాళ్లు లేనిది ఏ పథకంలోకీ రాదు.

ఆ పాపకు వాపు తగ్గాక పన్ను తీయక తప్పలేదు. ఎంత జాగ్రత్తగా చేసినా ఏడేళ్లకు పోకూడని పన్ను పోయింది, ఆ మాట తల్లికి దాచకుండా చెప్పాను. ఖాళీ మూసుకుపోకుండా ఒక తీగ అమర్చాం. వెనక కొత్తగా వచ్చిన నాలుగు దవడ పండ్లూ బాగున్నాయి, వాటికి మందు పూసి మూసేశాం. వెళ్లేటప్పుడు పాప తన పన్ను అడిగి తీసుకుంది. బాపమ్మ దాన్ని కాగితంలో చుట్టి, పేడలో పెట్టి ఇంటిమీదికి ఇసిరేద్దాం బిడ్డా అని కొంగున ముడివేసుకుంది. ఆర్నెల్లకు మళ్లీ వచ్చారు. చిలక ఎక్కడుందని పాప వచ్చీరాగానే అడిగింది.

ఈ రాత్రి పిల్లలు పడుకోకముందు ఒడిలో తల పెట్టుకుని, ఫోన్ లైటు వేసి, పెదవి ఎత్తి చూడండి. చిగురు దగ్గర సుద్దలాంటి తెల్లచారలున్నా, గోధుమరంగు మచ్చలున్నా వారంలోపు తీసుకెళ్లండి. తర్వాత బడిసంచి ఒకసారి విప్పి చూడండి. మడతపెట్టిన చీటీ ఏదైనా దొరికితే పిల్లను తిట్టకండి, ఎందుకు దాచావని నిలదీయకండి. ఆ చీటీ పట్టుకుని పిల్లతోపాటు రండి.